కుంటి బాతు గోడ మోసిన టక్‌వెల్

ప్రభుత్వాలు ఎప్పుడైనా కూలవచ్చు గానీ, చారిత్రక కట్టడాల జాబితాకెక్కిన పబ్బు గోడ కూలాలంటే మాత్రం అనుమతి కావాలి. మా ఊరి ‘కుంటి బాతు’ పబ్బు నాలుగు శతాబ్దాలుగా అనుమతి లేకుండానే ఒరుగుతోంది. (నిబంధనలు రాకముందే ఒరగడం మొదలుపెట్టింది కనుక క్షమించారు.)

కిందటి వసంతంలో జిల్లా కట్టడాల పరిరక్షణాధికారి క్రిస్పిన్ డాల్బీ తనిఖీకి వచ్చాడు. పొయ్యి పక్క గోడ గదిలోకి వంగి ఉంది. దానికి వీపు ఆనించి, రోజూ కూర్చునే బెంచీ మీదే కూర్చుని, విల్‌ఫ్రెడ్ టక్‌వెల్ అనే రిటైరైన గొర్రెల కాపరి బీరు తాగుతున్నాడు. డాల్బీ గోడను తట్టి చూశాడు. తర్వాత విల్‌ఫ్రెడ్‌ను తట్టి చూశాడు.

"మీరు కదలకండి సార్. ఈ గోడ మీ మీదే ఆగి ఉంది."

"గ్లాసు ఖాళీ అయిందండీ," అన్నాడు విల్‌ఫ్రెడ్.

"తెప్పిస్తాం."

కొద్ది రోజుల్లోనే ఉత్తర్వు వచ్చింది. టక్‌వెల్ బరువు మోసే నిర్మాణ భాగమట. పబ్బు తెరిచి ఉన్న వేళల్లో ఆయన్ని కదపడం, గడ్డం గీయడం నిషిద్ధం. ఇనుప ఊత పెడతానని పబ్బు యజమానురాలు మావిస్ అడిగితే, ఇనుము ఆ కాలానికి నప్పదన్నారు. విల్‌ఫ్రెడ్ కోటు నప్పుతుందట.

విల్‌ఫ్రెడ్ పొంగిపోయాడు. తన వల్ల ఏదైనా నిలబడటం జీవితంలో అదే మొదలు. భార్య ఎనిడ్ మాత్రం, "ఇంట్లో అల్మరా తలుపు వేలాడుతోందయ్యా, అదేమన్నా కనిపిస్తోందా నీకు?" అంది.

చిక్కు కూతురు రోవెనా పెళ్లితో వచ్చింది. చర్చి రోడ్డుకు అవతలే గానీ, పెళ్లి వేళకు పబ్బు తెరిచే ఉంటుంది. తండ్రి చెయ్యి పట్టుకునే లోపలికి నడుస్తానని రోవెనా పట్టుబట్టింది. సెలవుకు దరఖాస్తు పెడితే, అదే వయసు, అదే వెడల్పు గల ప్రత్యామ్నాయం చూపమన్నారు. ఎనిడ్ తమ్ముణ్ణి తెచ్చి కూర్చోబెట్టారు. పక్క జిల్లావాడని (స్థానికంగా దొరికే సామగ్రి కాదని) తిప్పి పంపారు.

పెళ్లినాడు గంటలు మోగాయి. విల్‌ఫ్రెడ్ గ్లాసు ఖాళీ చేసి బెంచీ మీద పెట్టాడు.

"పడితే పడనీ మావిస్. అక్కడ పిల్ల ఎదురుచూస్తోంది," అని లేచి వెళ్లిపోయాడు.

గోడ పడలేదు. (కాస్త సున్నం రాలింది. దాని మీద విడిగా విచారణ నడుస్తోంది.)

సోమవారం డాల్బీ మళ్లీ వచ్చి కొలతలు తీసుకున్నాడు. గోడ తనంతట తానే నిలబడింది గనుక, విల్‌ఫ్రెడ్ అసలు కట్టడంలో భాగమే కాదని, తర్వాతి కాలంలో ఎవరో అనుమతి లేకుండా చేర్చినదని తేల్చాడు. గోడకు దెబ్బ తగలకుండా తొలగించాలని ఆదేశించాడు.

ఇప్పుడు విల్‌ఫ్రెడ్ సాయంత్రాలు ఇంట్లోనే గడుపుతున్నాడు. ఆ ఇంటికి చారిత్రక ప్రాముఖ్యం లేదు కనుక, ఆయన అందులో ఎక్కడ కూర్చున్నా ఎవరికీ పట్టదు.