ఇల్లు చూడనీకి వచ్చినోళ్లు

శనివారం పొద్దున కృపారాణి వేసుకున్న పథకం చాలా చిన్నది. పది గంటల రైలుకు తాండూరు స్టేషన్లో దిగే నిరోషాను ఇంటికి తీసుకురావాలి, ఆమె ఇల్లంతా పరీక్షిస్తుంటే పక్కన నిలబడి వినాలి, మధ్యాహ్నం ఆసుపత్రి డ్యూటీకి వెళ్లిపోవాలి. నిరోషా వికారాబాద్‌లో ఉండే ఇంజనీరు. పాత ఇళ్లను పునాది నుంచి పైకప్పు దాకా తనిఖీ చేసి, ఎక్కడ ఏం చెడిందో, ఏది ముందు బాగు చేయించుకోవాలో కాగితం మీద రాసిస్తుంది. ఇల్లు కట్టి ఇరవై ఆరేళ్లయింది. వానలకు ఇంకా మూడు వారాలే ఉన్నాయి. రోగం ముదరకముందే పరీక్ష చేయించాలన్నది కృపారాణి నర్సు బుద్ధి.

చిక్కంతా ఆమె అన్న ఒక్క మాటతో వచ్చింది. గురువారం అన్నాల దగ్గర, “ఎల్లుండి మన ఇల్లు చూడనీకి వికారాబాద్ నుంచి ఇంజనీరు వస్తున్నరు,” అని చెప్పి చేయి కడుక్కుంది. భర్త డేవిడ్ చెవిలో ‘ఇంజనీరు’ అన్న ముక్క పడింది. అత్త రాహేలమ్మ చెవిలో ‘ఇల్లు చూడనీకి’ అన్న ముక్క పడింది.

డేవిడ్ ఒక బడి ఆఫీసులో గుమాస్తా. పంతొమ్మిదేళ్ల సర్వీసులో తనిఖీ గురించి అతనికి తెలిసింది ఒక్కటే, అధికారి వచ్చేలోగా లోపాలు కనబడకుండా చేయడం. శుక్రవారం సెలవు పెట్టి మరీ పనికి దిగాడు. వంటగది గోడ మీది చెమ్మకు లోపలా పెరటివైపూ సున్నం కొట్టాడు. పడకగది గోడ పగిలినచోట అడ్డంగా బీరువా జరిపాడు. వాకిలి మీది సజ్జకు పడిన పర్రెలను లప్పంతో మూసి, రంగేసి, దూరం నుంచి చూసుకుని మురిసిపోయాడు. డ్యూటీ నుంచి అలసిపోయి వచ్చిన కృపారాణి, అడగకుండానే మొగుడు ఇల్లు సర్దాడని సంతోషపడింది కూడా.

రాహేలమ్మ సంగతి వేరు. ఆ ఇల్లు ఆమె భర్త ఈరయ్య కట్టించింది. నాపరాతి గనిలో పనిచేసిన ఈరయ్య, నేలమీది ఒక్కో బండనూ తనే ఎంచి తెచ్చి పరిపించాడు. ఆయన పోయి ఆరేళ్లయింది. కొడుకూ కోడలూ తనకు మాటైనా చెప్పకుండా ఇల్లు అమ్మేస్తున్నారని ఆమెకు గట్టిగా అనిపించింది. ఇంజనీరంటే జీతం బాగా ఉంటుంది, తప్పకుండా కొంటాడు. కొడుకును అడగడానికి నోరు రాక, పక్కింటి సుమిత్రమ్మ దగ్గర కూర్చుని కళ్లు తుడుచుకుంది. సుమిత్రమ్మ చాలాసేపు ఓదార్చి పంపించింది. ఆ తర్వాత, తాండూరులో ఇంటి కోసం ఆరు నెలలుగా తిరుగుతున్న బషీరాబాద్ బాల్‌రాజ్ సేటుకు ఫోన్ చేసింది.

శనివారం రైలు ఆలస్యమైంది. పదిన్నర దాకా ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ కృపారాణికి నిరోషా ఫోన్ వచ్చింది. బస్సు ముందు దొరికితే ఎక్కేశానని, గేటు దగ్గరే అత్తగారు కలిసి పెరటి వైపు తీసుకెళ్లారని, అన్నీ ఓపికగా చూపిస్తున్నారని చెప్పింది. కృపారాణి ఆటో ఎక్కింది.

ఇంటి ముందు ఎవరిదో కారు ఉంది. ముందు గదిలో తెల్లచొక్కా పెద్దమనిషి చాయ తాగుతుంటే డేవిడ్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇన్నేళ్లలో ఒక్క చుక్క కారలేదని, గోడలో మేకు కూడా దిగదని ఏకరువు పెడుతున్నాడు. ఎవరాయన అని కృపారాణి డేవిడ్ చెవిలో అడిగింది.

“ఇల్లు చూడనీకొచ్చిన అన్నడు. ఇంజనీరు సారే. మంచిగ మార్కులేసేటట్టున్నడు, నువ్వు నడుమ మాట్లాడకు.”

కృపారాణి పెరట్లోకి ఉరికింది. అక్కడ అసలు ఇంజనీరు పుస్తకం నిండా రాసుకుంటోంది.

“గీ గోడకు వానొస్తే నీళ్లు కారుతయి బిడ్డా,” అంటోంది రాహేలమ్మ. “నిన్ననే సున్నమేసిండు, చెయ్యి పెట్టి చూడు ఎంత మెత్తగున్నదో. స్నానాల గదిల స్విచ్చు ముట్టుకుంటే షాక్ కొడతది. బీరువా ఎనుక ఇంత పర్రె ఉన్నది. నా మాటిని వేరే ఇల్లు చూసుకో. పిల్లలున్నట్టున్నరు నీకు.”

ఇంత నిజం చెప్పే ఇంటివాళ్లను ఇప్పటిదాకా చూడలేదని నిరోషా మెచ్చుకుంది. అత్త కళ్లు ఉబ్బి ఉండడం చూసి కృపారాణికి సంగతి తట్టింది. కానీ నోరు తెరిచేలోగా, సజ్జ సంగతి చెప్పనే లేదంటూ రాహేలమ్మ నిరోషాను వాకిట్లోకి లాక్కెళ్లింది.

అదే సమయానికి బాల్‌రాజ్ సేటు బయటికి వచ్చి, ఇల్లు తనకు నచ్చిందని, ఎప్పుడు ఖాళీ చేస్తారని అడిగాడు. డేవిడ్ మొహం పాలిపోయింది.

“గింత మంచిగుంటే ఎందుకు ఖాళీ చెయ్యాలె సార్?”

సేటు జవాబు చెప్పేలోగా నిరోషా పొడవాటి కర్రతో సజ్జను తట్టింది. డొల్ల మోత వచ్చింది. అందరినీ పక్కకు జరగమని మళ్లీ తట్టింది. డేవిడ్ వేసిన కొత్త రంగుతో సహా బండంత పెచ్చు ఊడి, రాహేలమ్మ రోజూ కూర్చుని బియ్యం ఏరే కుర్చీ మీద పడింది. కుర్చీ కాలు విరిగింది. పైన తుప్పు పట్టిన చువ్వలు బయటపడ్డాయి.

కృపారాణి అత్త చేయి పట్టుకుంది.

“ఇల్లు అమ్మనీకి కాదత్తమ్మా, నిలబెట్టుకోనీకి పిలిపించిన.”

రాహేలమ్మ విరిగిన కుర్చీని చూసింది, కోడలిని చూసింది. కళ్లు తుడుచుకుని నిరోషా వైపు తిరిగింది.

“గట్లైతే రా బిడ్డా. ఇంక నాలుగున్నయి, చూపిస్త.”

మొత్తం పంతొమ్మిది లోపాలు తేలాయి. ఏవి తక్షణం, ఏవి వచ్చే ఏడాది అన్నది నిరోషా విడదీసి రాసిచ్చింది. తొలి వాన పడేసరికి పాత సజ్జ పోయి కొత్తది వచ్చింది, స్నానాల గదిలో షాక్ పోయింది. డేవిడే దగ్గరుండి తన లప్పమంతా గీకించాడు. వాన కురిసినంతసేపూ ముగ్గురూ వంటగదిలో కూర్చుని పొడిగా ఉన్న గోడను చూశారు.

బాల్‌రాజ్ సేటు కోపగించుకోలేదు. వికారాబాద్‌లో ఒక ఇల్లు చూశానని, బయానా డబ్బు ఇచ్చే ముందు తనిఖీ చేసి పెట్టమని నిరోషాను అడిగాడు. ఆమె రాహేలమ్మను కూడా వెంట రమ్మంది. ఆ ఇంటి యజమాని తన ఇంట్లో ఒక్క లోపమూ లేదన్నాడు. రాహేలమ్మ పక్కింట్లో మంచినీళ్లు అడిగి, పది నిమిషాల్లో పద్నాలుగు తెలుసుకుని వచ్చింది.