మేకలు తినేసిన ఒప్పందం

ఒక పెద్ద అడవిలో, ఒకే గుట్ట మీద, రెండు వందల పన్నెండు మేకలూ పంతొమ్మిది ముళ్లపందులూ ఉండేవి. కాబట్టి అక్కడి పంచాయతీలో తీర్మానం నెగ్గడానికి చర్చ అక్కర్లేదు, తలలు లెక్కపెడితే చాలు.

సర్పంచి భద్రయ్య అనే మేకపోతు. అతని కొట్టం మూడు చోట్ల కురిసేది. ముళ్లపందుల్లో ముసలిది ఈరమ్మ. ఆమె ఉండే గుహలో చుక్క పడేది కాదు. భద్రయ్య కన్నంతా ఆ గుహ మీదే.

ఏడు తరాల కిందట కరువుకు తాళలేక మేకలు ఈ గుట్టెక్కాయి. "ఉండండి. ఏటా తొలకరికి ఒక్కసారి వచ్చి, ఉండొచ్చా అని అడగండి, చాలు" అన్నాయి ముళ్లపందులు. ఒప్పందం రెండు ప్రతులు రాసుకున్నాయి. ముళ్లపందులు తమ ప్రతిని ఎముక మీద పళ్లతో చెక్కుకున్నాయి. మేకలు రావి ఆకు మీద రాసుకున్నాయి. మేకల దగ్గర రావి ఆకు ఎన్నాళ్లుంటుంది? మూడో రోజుకు కడుపులోకి పోయింది. ఆ తర్వాత అడగడమూ మానేశాయి.

ఇదేమీ తెలియని భద్రయ్య కొత్త చట్టం తెచ్చాడు. "గుట్ట మీద హక్కున్నట్టు నెలలోగా పాత పత్రం చూపించాలి. లేనివాళ్లు పరాయివాళ్లు. వాళ్లకు ఓటు లేదు, దిగిపోవాలి."

"మనకుందా పత్రం?" అంది భార్య నీలమ్మ.

"మనమే పంచాయతీ! మనల్నెవడడుగుతాడే?"

కార్యదర్శి కొంగ అడిగింది. దానికి రూలంటే రూలే. గడువు రోజున ఈరమ్మ ఎముక తెచ్చి ముందు పెట్టింది. కొంగ పైకి చదివింది. "మేకలు అతిథులు" అని స్పష్టంగా ఉంది.

"సర్పంచి గారూ, మీ ప్రతి ఏది?"

"అది... భద్రంగా ఉంది."

"ఎక్కడ?"

"ఇంకెక్కడ? వీళ్ల ముత్తాతల ముత్తాత కడుపులో," అంది నీలమ్మ.

"చట్టం రద్దు! అందరూ చేతులెత్తండి!" అని అరిచాడు భద్రయ్య. రెండు వందల పన్నెండు కాళ్లు లేచాయి.

"పరాయివాళ్లకు ఓటు లేదండీ. మీరే రాయించారు," అంది కొంగ.

భద్రయ్య ఈరమ్మ వైపు తిరిగాడు. "అవ్వా, మేం పుట్టింది ఇక్కడే. ఇప్పుడెక్కడికి పోతాం?"

"నన్ను దిగిపొమ్మన్నప్పుడు ఆ మాట అడిగావా నాయనా?" అంది ఈరమ్మ. భద్రయ్య ముందుకాళ్లు మడిచి దండం పెట్టాడు. ముసలిది తన ఎముకను వెనక్కి తీసుకుంది. "సరే, ఉండండి. పత్రం ఇస్తే మళ్లీ తింటారు. మీ నోరు అందని చోట ముద్ర వేస్తాం. అటు తిరుగు."

అటు తిరిగాడు. ముల్లు దిగింది. కేక గుట్టంతా వినబడింది.

ఒక్కో ముళ్లపంది వంతుకు పదకొండు పిరుదులు వచ్చాయి. మిగిలిన మూడూ ఈరమ్మే చూసుకుంది. ఆ తర్వాత పక్షం రోజులపాటు పంచాయతీలో ఎవరూ కూర్చోలేకపోయారు. సమావేశాలు నిలబడే మొదలై, నిమిషంలో ముగిశాయి. ఒక్క కొత్త చట్టమూ రాలేదు. ఇంత చక్కటి పాలన ఎన్నడూ చూడలేదని కొంగ మినిట్స్‌లో రాసుకుంది.

నీతి కావాలంటే ఇదే: అతిథిగా ఉండటం నామోషీ అనుకుంటే, దరఖాస్తుదారుగా వంగి నిలబడటం నేర్చుకోవాలి.