కేసరయ్య మింగిన టకారం

ఒక పెద్ద అడవిలో అన్నీ ఉండేవి, ఇంగ్లీషు తప్ప. ఆ లోటు చాలాకాలం ఎవరికీ తెలియలేదు.

అడవి పంచాయతీకి అధ్యక్షుడు కేసరయ్య అనే సింహం. జూలు నెరిసినా గొంతు తగ్గలేదు. ఆయన ఇక్కడ గర్జిస్తే పక్క అడవిలో కూడా మర్యాదగా లేచి నిలబడేవాళ్ళు. అలాంటి కేసరయ్యకి ఒక చలికాలంలో అవమానం జరిగింది.

ఏటా చలి మొదలవగానే మంచుదేశం నుంచి తెల్లబాతులు వచ్చి అడవి మధ్యనున్న నల్లమడుగులో దిగేవి. ఎండలు ముదిరేలోగా వెళ్ళిపోయేవి. వాటికి పెద్ద హిల్డా అనే బాతు. ఆ ఏడు కేసరయ్య స్వాగతం చెప్పడానికి స్వయంగా మడుగు గట్టుకి వెళ్ళి, ఎన్నాళ్ళుగానో బట్టీపట్టిన వాక్యాన్ని అప్పజెప్పాడు.

"ఐ యామ్ వెరీ మచ్ హ్యాపీయింగ్ దట్ యూ ఆర్ కమింగ్" అన్నాడు.

గుంపులోని చిన్న బాతులు రెక్కల్లో ముఖం దాచుకుని నవ్వాయి. హిల్డా వాటిని ముక్కుతో పొడిచి నోరు మూయించి, కేసరయ్యతో చకచకా ఏదో అంది. ఆయనకి ఒక్క ముక్క అందలేదు. తల ఊపి, నవ్వి, ఇంటికొచ్చి తిండి మానేశాడు. ఆ సంగతి విని లేళ్ళు సంతోషించాయిగానీ పంచాయతీ దిగులుపడింది.

పంచాయతీ కార్యదర్శి జంబయ్య అనే నక్క. పెద్దవాళ్ళ దిగులులో తన బాగు వెతుక్కోవడం అతనికి చిన్నప్పటి నుంచీ అలవాటు. వెంటనే పట్నం దారి పట్టి, చిత్రవాణి అనే చిలకను వెంటబెట్టుకొచ్చాడు. చిత్రవాణి పట్నంలో స్పోకెన్ ఇంగ్లీషు నేర్పే ఒక చోట వరండాలో పంజరంలో ఉండేది. అక్కడి విద్యార్థులు కోర్సు సగంలో మానేసి వెళ్ళిపోయేవాళ్ళు. తనకి మాత్రం వెళ్ళే వీల్లేక మొత్తం చదువుకుంది. ఎవరో పంజరం తలుపు వేయడం మరిచిన రోజున పట్టా పుచ్చుకున్నట్టు ఎగిరిపోయింది.

మొదటి క్లాసుకి కేసరయ్య ముందు వరసలో కూర్చున్నాడు. ఆయన పక్కన పంచాయతీ సభ్యురాలు భీమక్క కూర్చుంది. ఆవిడ ఎలుగుబంటి. చంకలో ఇద్దరు పిల్లలు, నోట్లో ఎప్పుడూ ఒక ప్రశ్న.

చిత్రవాణి కొమ్మ మీద అటూ ఇటూ నడిచి, అసలు రహస్యం బయటపెట్టింది. "వాళ్ళ భాష మీకు అందకపోవడానికి కారణం ఒక్కటే సార్. మీరు మాటలు మొత్తం పలుకుతున్నారు. వాళ్ళు పలకరు."

ఐ యామ్ అనరట, ఐమ్ అంటారట. డు నాట్‌ని నలిపేసి డోంట్ చేస్తారట. ఈజ్ నాట్ అయితే ఈజంట్. కేసరయ్యకి ఒళ్ళంతా పులకరించింది. ఇన్నాళ్ళూ తాను ఎక్కువ మాట్లాడటం వల్లే చెడ్డానన్నమాట. తక్కువ మాట్లాడటం ఎంతసేపు.

భీమక్క చేయెత్తింది. డు నాట్ డోంట్ అయినప్పుడు విల్ నాట్ విల్లంట్ అవ్వాలి కదా అని అడిగింది. కాదు, వోంట్ అవుతుందని చిత్రవాణి చెప్పింది. ఎందుకని అడిగింది భీమక్క.

"అది అడగకూడదమ్మా" అంది చిత్రవాణి. "అనాలి, అంతే."

మరి ఐ యామ్ నాట్‌లో యామ్ నాట్‌ని కలిపితే ఏమవుతుందని భీమక్క మళ్ళీ అడిగింది. చిత్రవాణి కాసేపు ఆకాశం వైపు చూసి, ఆ ఒక్కదాన్నీ వాళ్ళు కలపలేదని, బహుశా అక్కడిదాకా వచ్చేసరికి భోజనాల వేళ అయ్యుంటుందని చెప్పింది. కేసరయ్య గొంతు సవరించుకున్నాడు. ఇక భీమక్క ఏమీ అడగలేదు.

అడవికి పిచ్చి పట్టినట్టయింది. పంచాయతీలో ఏ పని కావాలన్నా చిత్రవాణి క్లాసులో పాసవ్వాలని జంబయ్య ఒక తీర్మానం చేయించాడు. ఫీజు కింద సీతాఫలాలు. అందులో సగం జంబయ్య పొదలోకి దొర్లేవి. చెట్టు కింద, పుట్ట మీద, ఎక్కడ చూసినా ఐమ్, ఈజంట్, డోంట్. ఇంగ్లీషు కోసి కోసి చేయి తిరిగాక తెలుగునీ కోయడం మొదలుపెట్టారు. కోతులు పలకరింపు కూడా సగమే పూర్తిచేసి కొమ్మ మారేవి. ముళ్ళపందిని అందరూ పంది అని పిలవడం మొదలుపెట్టేసరికి అతను అలిగి క్లాసు మానేశాడు.

కరువుకాలానికని దాచిన పచ్చిక బయలు ఒకటి ఉండేది. అక్కడ పంచాయతీ వారి బోర్డు ఉండేది, "ఇక్కడ మేయరాదు" అని. పంచాయతీ ఆధునికంగా కనిపించాలని జంబయ్య ఆ బోర్డు చివరి అక్షరం చెరిపించాడు. అప్పుడది "ఇక్కడ మేయరా" అయింది. సాయంత్రానికి పచ్చిక లేదు. లేళ్ళను విచారణకి పిలిచారు.

"బోర్డు పిలిచింది, వచ్చాం" అంది లేళ్ళ పెద్ద. "కొంచెం అమర్యాదగానే పిలిచింది. అయినా మనసులో పెట్టుకోలేదు."

తప్పు లేళ్ళ అవగాహనదేనని పంచాయతీ తేల్చి, వాటిని కూడా క్లాసులో చేర్పించింది.

ఇక పై తరగతి మొదలైంది. దానికి కేసరయ్య ఒక్కడే అర్హుడు. మాటలు కలపడం అందరికీ వస్తుందని, చివరనున్న టకారాన్ని మింగడమే అసలైన విద్య అని చిత్రవాణి చెప్పింది. వోంట్ అన్నప్పుడు ట్ నోట్లో ఉండాలి, చెవికి చేరకూడదు. కేసరయ్య ఎండలో వెల్లకిలా పడుకుని, కాళ్ళు గాల్లో ఊపుకుంటూ, డోన్, వోన్ అని మురిసిపోయేవాడు. ఆ వయసులో ఆయన అంత సంతోషంగా ఉండగా ఎవరూ చూడలేదు.

మరుసటి ఏడు వానలు సరిగా పడలేదు. నల్లమడుగు సగానికి దిగిపోయింది. ఎండాకాలం గడవాలంటే ఉన్న నీళ్ళను కాపాడుకోవాలి. అందుకని పంచాయతీ కూర్చుని ఒక నిర్ణయం చేసింది. ఎప్పుడూ వచ్చే బాతులు వస్తే రానీ, కొత్తవాటిని మాత్రం రానివ్వకూడదు. ఆ మాట చెప్పే బాధ్యత కేసరయ్య కోరి మరీ తీసుకున్నాడు.

చలి మొదలవగానే హిల్డా గుంపు దిగింది. హిల్డా గట్టు మీదికొచ్చి, దారిలో మరో చెరువు ఎండిపోయిందని, అక్కడ చిక్కుకున్న బంధువులను ఇక్కడికి పిలిపించుకోవచ్చా అని ఇంగ్లీషులో అడిగింది. కేసరయ్యకి అంతా అర్థమైంది. ఒక్క ముక్క కూడా జారిపోలేదు. అర్థమవుతోందన్న ఆనందంలో ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి.

కూడదు అనడానికి వాళ్ళ భాషలో క్యాంట్ అనాలి. వచ్చు అనడానికి క్యాన్ అనాలి. రెంటికీ మధ్య ఉన్నది ఆ చివరి టకారమే. కేసరయ్య జూలు సవరించుకుని, మెడ కాస్త పక్కకి వాల్చి, జీవితంలో ఎన్నడూ మింగనంత అందంగా దాన్ని మింగాడు.

"సారీ, యూ క్యాన్" అన్నాడు.

సారీ ఎందుకో హిల్డాకి బోధపడలేదు. మర్యాదకని ఉంటాడనుకుంది. చిన్న బాతులు ఈసారి నవ్వలేదు, రెక్కలు కొట్టాయి. కేసరయ్య ఇంటికొచ్చి కడుపునిండా తిన్నాడు.

మర్నాడు పొద్దున సూర్యుడు కనిపించలేదు. ఆకాశం నిండా బాతులు. దిగుతున్నకొద్దీ ఇంకా వస్తున్నాయి. మడుగులో చోటు చాలక ఒకదాని వీపు మీద ఒకటి నిలబడ్డాయి. తుంగగడ్డి దుంపలతో సహా మాయమైంది. నీళ్ళు కలకబారి బురదైపోయాయి. ఆ నీళ్ళు తాగి భీమక్క పిల్లలిద్దరూ కడుపునొప్పితో మెలికలు తిరిగారు. భీమక్క వాళ్ళను భుజాన వేసుకుని అలాగే పంచాయతీకి వచ్చింది.

అందరూ చిత్రవాణిని నిలదీశారు. ఆవిడ ఏమాత్రం తొణకలేదు. తన విద్యార్థి తప్పేమీ చేయలేదని, టకారాన్ని అంత శుభ్రంగా మింగినవాళ్ళు పట్నంలో కూడా లేరని, కావాలంటే ఫస్టు క్లాసు ఇస్తానని చెప్పింది. జంబయ్యకి అప్పుడే వేరే పని గుర్తొచ్చింది.

"పెద్దన్నా" అంది భీమక్క మెల్లగా, "పిల్లలకి తాగడానికి నీళ్ళు లేవు. నువ్వు ఏం మింగుతావో మింగు. ఈ మాట మాత్రం చెప్పిరా."

కేసరయ్య ఒంటరిగా మడుగు దగ్గరికి వెళ్ళాడు. హిల్డా ఎదురొచ్చింది. ఆయన పాతపద్ధతిలోనే, ఒక్కో మాటా కూడగట్టుకుంటూ "యూ... క్యాన్... నాట్..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు.

హిల్డా "అయ్యా, తమరు తెలుగులోనే చెప్పవచ్చును" అంది.

కేసరయ్య నిలబడ్డచోటే కూర్చుండిపోయాడు.

తాను ఈత నేర్చుకున్నది ఈ మడుగులోనేనని, తెలుగు నేర్చుకున్నది పంచాయతీ వారి పాత బోర్డులు చదివేనని హిల్డా చెప్పింది. ఆయనే ఇంగ్లీషు మాట్లాడుతుంటే కాదనడం బాగోదని ఊరుకుందట. ఆమె తెలుగులో ఒక్క అక్షరం తగ్గలేదు. ప్రతి మాటా ఇస్త్రీ చేసినట్టుంది.

కేసరయ్యకి గుండెల మీంచి బండ దిగినట్టయింది. నీళ్ళ సంగతి, పంచాయతీ నిర్ణయం, మింగిన టకారం, భీమక్క పిల్లల కడుపునొప్పి, అన్నీ గడగడా చెప్పేశాడు. వింటూనే హిల్డా మెడ సిగ్గుతో వాలిపోయింది. వచ్చినవాళ్ళనీ, ముందున్నవాళ్ళనీ ఒక్క కేకతో లేపింది.

"మా వలన చాలా కష్టము కలిగినది. మేమందరము ఇప్పుడే వెళ్ళిపోయెదము" అంది.

అన్ని బాతులూ రెక్కలు విప్పి, సెలవు కోసం ఆయన వైపు చూశాయి. కేసరయ్య ఈ అడవిలో పుట్టినవాడు, ఇక్కడే పెరిగినవాడు. గడప దాటుతున్న చుట్టాన్ని పట్టుకుని వెళ్ళు అనే నోరు ఆయనది కాదు. ముందుకాళ్ళు రెండూ జోడించాడు.

"వెళ్ళి రండమ్మా" అన్నాడు.

హిల్డా గాల్లోకి లేవబోతూ ఆగింది. "వెళ్ళి, రావలెనా?" అని అడిగింది.

"ఎంతమాట. తప్పకుండా రావాలి. ఇది మీ ఇల్లే అనుకోండి" అన్నాడు కేసరయ్య.

బాతులు వెళ్ళిపోయాయి. అడవి అంతా గట్టు మీదికి చేరి గెంతింది. కోతులు కేసరయ్య జూలులో పూలు గుచ్చాయి. బురద పేరుకుని నీళ్ళు తేటపడుతున్నాయి. భీమక్క పిల్లలను దించి, వంగి, దోసిలి పట్టబోయింది. నీళ్ళలో ఆకాశం నల్లబడింది.

వెళ్ళినవన్నీ వచ్చాయి. వాటి వెనక, ఇంతకుముందు రానివి కూడా వచ్చాయి. హిల్డా అందరికంటే ముందు దిగి కేసరయ్యకి వంగి దండం పెట్టింది.

"తమరు సెలవిచ్చినట్లే వెళ్ళితిమి, వచ్చితిమి" అంది. "మా ఇల్లే అన్నారు కనుక, మిగిలిన వారిని కూడ తోడ్కొని వచ్చితిమి."

భీమక్క కేసరయ్య వైపు చూసింది. కేసరయ్య నోరు తెరిచాడు. ఏ భాషా రాలేదు.

ఆ ఎండాకాలం అడవి అంతా పిల్లాజెల్లాతో పక్క అడవి వాగు దాకా నడిచి నీళ్ళు తాగింది. జంబయ్య మాత్రం మడుగు గట్టున బాతుల కోసం స్పోకెన్ తెలుగు క్లాసు తెరిపించాడు. పాఠం చిత్రవాణిదే. వెళ్ళి రండి అంటే వెళ్ళమనే అర్థమని ఆ కోర్సు చివర్లో వస్తుందట. కోర్సు పూర్తికాకుండా కదిలేది లేదని బాతులు పట్టుదలగా ఉన్నాయి.

నీతి: రాని భాషలో తప్పు మాట్లాడితే దిద్దుకోవచ్చు, వచ్చిన భాషలో మర్యాదగా మాట్లాడితే మాత్రం అనుభవించాల్సిందే.