నలభై ఖాళీ గదులు

ఆ బుధవారం పొద్దున ఇంట్లో ఐదుగురు ఉన్నారు. దిండు గలీబు మీద పూలు కుడుతున్న అమ్మ, సెలవు పెట్టిన అన్నయ్య, స్టవ్ దగ్గర వదిన, పేపరు చదువుతున్న మేనమామ, ఐదో మనిషి ఆమె. యూనివర్సిటీలో ఫైనాన్స్ ఆఫీసరు. మనిషి లేని చోట ఫ్యాను తిరిగితే ఇంట్లోనైనా సరే లేచి వెళ్లి ఆపుతుంది. అందుకని ఆమె లేవగానే మిగతావాళ్ల మాటలు ఆగిపోతాయి. ఆఫీసులో వెనకాల ఆమెను కత్తెరమ్మ అంటారు. అది ఆమెకు తెలుసు. అసలు పిలిచేవాళ్లే లేనప్పుడు అదైనా నయమే అనుకుంటుంది.

"ఇవాళ తనిఖీ ఉంది. అయిపోగానే పెందరాళే వచ్చేస్తాను. అందరం కలిసి భోంచేద్దామా?" అంది.

"నాకు పనుందే," అంది అమ్మ, దారం పంటితో తెంపుతూ.

అన్నయ్యకూ పనుంది. వదినకూ పనుంది.

"నాకైతే ఊపిరాడని పని అమ్మాయ్," అన్నాడు మేనమామ.

రిటైరై పదేళ్లయిన మనిషికి ఊపిరాడని పనేమిటని ఆమె అడగలేదు. ఆ ఇంట్లో ఆమెకు అడిగే అలవాటు లేదు.

ఆ ఏడు ప్రభుత్వం యూనివర్సిటీ గ్రాంటులో మూడో వంతు కోసేసింది. ముందు మూతపడేది సాయంకాలం కాలేజీ. పగలంతా పని చేసుకునేవాళ్లు చదువుకునే చోటది. బట్టల కొట్లో బిల్లులు రాస్తూ ఆమె కూడా అక్కడే చదివింది. దాన్ని బతికించడానికి ఒక దారి దొరికింది. సొంత భవనాల్లో నలభై ఖాళీ గదులు చూపిస్తే అద్దె భవనంలో ఉన్న శాఖలవాళ్లను అక్కడికి మార్చవచ్చు. మిగిలిన అద్దెతో సాయంకాలం కాలేజీ నడుస్తుంది. మూడు నెలలు ఒక్కతే వరండాలన్నీ తిరిగి, ఎవరూ కూర్చోని గదులు అరవై లెక్కపెట్టుకుంది.

ఆమె చేసిన తప్పల్లా పద్ధతి ప్రకారం వారం ముందు అన్ని శాఖలకూ సర్క్యులర్ పంపడం. 'తనిఖీ సమయమున మనిషి లేని గదిని ఖాళీ గదిగా పరిగణించి, వెంటనే తాళము వేయబడును' అని అందులో రాసింది.

గది పోతుందంటే ఎంతటి సోమరికైనా తెలివి పరిగెత్తుకొస్తుంది.

పదింటికి ప్రభుత్వం పంపిన ఆడిటరు వచ్చాడు. తాళాల గుత్తితో అటెండరు ముందు నడిచాడు. భూగోళ శాస్త్రంవాళ్ల పాత గది ఐదేళ్లుగా తెరిచింది లేదు. తలుపు తోస్తే లోపల నలుగురున్నారు. ఒకాయన గ్లోబును గిరగిరా తిప్పుతున్నాడు.

"తమరు?" అన్నాడు ఆడిటరు.

"పరిశోధకుణ్ణండి."

"దేనిమీద?"

"ఇంకా తేలలేదండి. పొద్దున్నే చేరాను."

పక్క గది విరిగిన బెంచీలు పడేసేది. అందులో ముగ్గురు కూర్చున్నారు, ఒకడు గురక పెడుతున్నాడు. "నిద్రమీద పరిశోధన సార్, లేపకూడదు," అన్నాడు అక్కడి గుమాస్తా.

ఆమె తన జాబితాలో ఆ రెండు గదులూ కొట్టేసింది. అరవైలో రెండు పోయాయి. ఇంకా యాభై ఎనిమిది ఉన్నాయి కదా అని మనసుకు చెప్పుకుంది.

చరిత్ర శాఖలో చివరి గది తెరిస్తే మేనమామ! ఎవరిదో కోటు తొడుక్కుని, ఇంట్లో చదివిన పేపరే చదువుతున్నాడు. ఆమెను చూసి పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"విజిటింగ్ ప్రొఫెసరు గారు," అన్నాడు చరిత్ర హెడ్డు.

"తలుపేసెయ్ అమ్మాయ్, కాగితాలెగిరిపోతున్నాయ్," అంది పేపరు.

"మీకు తెలిసినవారా?" అన్నాడు ఆడిటరు.

"ఎక్కడో చూసినట్టుంది," అంది ఆమె.

రసాయన శాస్త్రంలో అన్నయ్య గాజు గొట్టంలోకి తీక్షణంగా చూస్తూ దొరికాడు. గొట్టంలో టీ ఉంది. వృక్ష శాస్త్రంలో వదిన, పక్కనే అమ్మ. గలీబు ఇక్కడికీ వచ్చింది.

"ఈవిడ పూలమీద పని చేస్తున్నారు," అంది అక్కడి లెక్చరరు. ఆడిటరు రాసుకున్నాడు.

అమ్మ ఆమెను పక్కకు లాగింది. "ఈ లెక్చరరమ్మ మీ వదిన స్నేహితురాలే. గది పోతే వరండాలో కూర్చోవాలట, పాపం. ఎవర్తో కత్తెరమ్మట, జాలీ దయా లేకుండా తాళాలేసుకుంటూ వస్తోందట. నువ్వూ ఇక్కడే పని చేస్తావుగా, దానికి కాస్త చెప్పరాదూ?"

"చెబుతానమ్మా," అంది ఆమె.

మధ్యాహ్నానికి క్యాంటీన్లో టీ అయిపోయింది. జనం ఎక్కువై కుర్చీలు చాలలేదు. ఫ్యాను బాగుచేయడానికి వచ్చినవాణ్ణి కూడా గణిత శాఖవాళ్లు పట్టి కూర్చోబెట్టారు. మూడింటికి, గదులు చాలక ఊపిరాడటం లేదనీ, కొత్త భవనం కావాలనీ ఒక అర్జీ వచ్చింది. మొదటి సంతకం మేనమామది.

రెండు వందల గదులు చూశారు. ఒక్కటీ ఖాళీ లేదు. మెట్ల దగ్గర ఆమె ఆగిపోయింది. నిజం చెబితే సొంత తల్లిని పట్టివ్వాలి. చెప్పకపోతే సాయంకాలం కాలేజీ పోతుంది.

"సార్, మీకొక నిజం చెప్పాలి. వీళ్లలో సగం మంది..."

"నిలబడే ఉన్నారు, చూశాను," అన్నాడు ఆడిటరు. "ఇంత రద్దీగా ఉన్నచోట మూడో వంతు కోస్తారా? కోత రద్దు చేయమని రాస్తున్నాను."

"మరి సాయంకాలం కాలేజీ?"

"నడవాల్సిందే. పగలే ఇంతమందికి చోటు లేకపోతే, మిగతావాళ్లు సాయంత్రం కాక ఇంకెప్పుడు చదువుకుంటారు?"

ఆమెకు కళ్లనీళ్లు తిరిగాయి. చెప్పాల్సిన మిగతా సగం మింగేసింది. సంతోషం చెప్పుకుందామని చుట్టూ చూసింది. అటెండరు ఒక్కడే ఉన్నాడు, తాళాల గుత్తితో చెవి గోక్కుంటూ.

"కాకపోతే ఒక్క గదీ ఖాళీ లేదంటే పైవాళ్లు నమ్మరు," అన్నాడు ఆడిటరు. "అదిగో, ఆ చివరిది ఎవరిది?"

తలుపు తీసి ఉంది. బల్ల, కుర్చీ, ఆగి ఉన్న ఫ్యాను. మనిషి లేదు.

"నాదేనండి. పొద్దుట్నుంచీ మీతోనే ఉన్నాను కదా."

"నాతో ఉన్నారు, గదిలో లేరు. మీ తరఫున ఎవరినైనా కూర్చోబెట్టాల్సింది. అందరికీ ఎవరో ఒకరున్నారే, మీకు లేరా?"

"ఉన్నారండి. వాళ్లకివాళ పనుంది," అంది ఆమె.

అటెండరు గుత్తిలోంచి తాళం తీశాడు. "ఏమనుకోకండి మేడం. రాసింది మీరేగా."

"నా బ్యాగు లోపలుంది బాబూ."

"రేపు అర్జీ పెట్టుకోండి మేడం," అని అతను ఆమె మొహం మీదే తలుపు మూసి తాళం వేశాడు.

లోపల ఫోను మోగింది. చాలాసేపు మోగి ఆగిపోయింది. ఎవరూ ఎత్తలేదు కనక, గది నిజంగానే ఖాళీ అని తేల్చుకుని ఆడిటరు సంతకం పెట్టాడు.