పసుపు పూసిన ఉపన్యాసం

1964లో ఒక సోమవారం పొద్దున, బోధన్‌లో ఇంగ్లీషు చెప్పే రామస్వామి సారు అరవై పోస్టుకార్డులు రాయడం ముగించాడు. పాత ఇంగ్లీషు కావ్యాల్లో 'అలాస్' అనే మాట మీద ఆదివారం గ్రంథాలయంలో ఆయన ఉపన్యాసం. అలాస్ అంటే మన అయ్యో. ఆ ఒక్క మాట కోసం పదేళ్ళు పుస్తకాలు తిరగేశాడు. పోయినసారి ఆయన ఉపన్యాసానికి ఇద్దరే వచ్చారు. ఒకరు వాన తగ్గగానే వెళ్ళిపోయారు. ఈసారి ఇరవై మంది రాకపోతే ఉపన్యాసాలు బంద్ చేసి, హాలు క్యారమ్ ఆటకు ఇచ్చేస్తానని కార్యదర్శి ఆత్మారాం తేల్చి చెప్పాడు.

"ఇరవై గాదు, అరవై మందిని రప్పిస్త," అన్నాడు రామస్వామి భార్య రాధాబాయితో. ఇంగ్లీషు సభకు ఇంగ్లీషులోనే పిలవాలని ఇంకో పంతం. కార్డులు ఆమెకిచ్చి బడికి పోయాడు.

రాధాబాయి వాటిని తిప్పి చూసి నొచ్చుకుంది. "నలుగుర్ని పిలిచే కార్డుకు పసుపన్న పెట్టకపాయె!" అంటూ అన్నిటికీ నాలుగు మూలలా పసుపద్ది, పోస్టు డబ్బాలో వేసి వచ్చింది.

వర్నిలో ఒక శిష్యుడి తండ్రి చంద్రయ్యకు ఇంగ్లీషు అర్థం కాలేదు గానీ పసుపు అర్థమైంది. సారు తమ్ముడు లింగానికి ముప్పై అయిదేళ్ళొచ్చినా పెళ్ళి కాలేదని అందరికీ తెలుసు. "లింగం లగ్గం కుదిరింది! సదువుకున్నోళ్ళు గద, ఇంగ్లీషుల రాసిండ్రు," అని ఊరంతా చెప్పాడు. తేదీ, చోటు మాత్రం పోస్ట్‌మ్యాన్ కూడబలుక్కొని చదివిపెట్టాడు. మిగతా ఊళ్ళలోనూ ఇదే కథ.

ఆదివారం హాలు ముందు ఎడ్లబళ్ళు బారులు తీరాయి. చీరలు, ఇత్తడి బిందెలు, డప్పులు దిగాయి. లోపల జంపఖానా పరుస్తున్న లింగం మెడలో ఎవరో పూలదండ వేశారు.

"అన్నా, నాకు లగ్గమట! నాకన్న చెప్పద్దా?"

రామస్వామి ముఖం పాలిపోయింది. "నిజం చెప్తె అందరు పోతరు సారూ," అని నవ్వాడు ఆత్మారాం. రామస్వామి నిజమే చెప్పాడు. చెప్పి, తలుపు గడియ వేసి, దానికి వీపానించి ఉపన్యాసం మొదలుపెట్టాడు.

"రాణి కోట పోగొట్టుకొని అలాస్, అంటె అయ్యో, అంటది. రాజు కొడుకును పోగొట్టుకొని అలాస్ అంటడు. పదేండ్ల సంది చూస్తున్న, ఆ మాట అన్నోళ్ళెవ్వరు మళ్ళ లేచి పని చెయ్యలే!"

ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. చంద్రయ్య లేచాడు. "సారూ, లింగాన్ని జూసి మనమంత గట్లనే అయ్యో అనుకుంట కూసున్నం. లేసి జేసిందెవరు? మా అక్క బిడ్డ రుక్మాబాయి గీడనే ఉన్నది. ఏమంటవ్ లింగం?"

దండ ఇంకా తీయని లింగం, "అన్న ఇష్టం," అన్నాడు. రుక్మాబాయి మాత్రం సూటిగా చెప్పింది: "గింత సేపు కూసొని ఇన్నడు. నా మాట గూడ ఇంటడు. నాకిష్టమే."

ఆత్మారాం తలలు లెక్కపెట్టి, నూరు దాటాక మానేసి, ఇక ఆదివారాలన్నీ సారువేనని ఒప్పుకున్నాడు. పెళ్ళి ఆ రోజు కాదు గనుక, తెచ్చిన బిందెలు, చీరలు మాత్రం తిరిగి బళ్ళెక్కాయి.

నెల తిరగకుండా అదే హాలులో లింగం పెళ్ళి జరిగింది. కార్డు మీద పసుపు చూసి మళ్ళీ ఉపన్యాసమే అనుకుని, పిలిచినవాళ్ళంతా ఉత్తచేతులతో వచ్చారు.