కొట్టం గుమ్మం మీది కొమ్ములు

శనివారం మామగారు ఇంటికి వస్తారు. గురువారం పొద్దున్న రొట్టెల పిండి మీద తడిబట్ట కప్పి, బుర్గి రెండు రోజుల పనులు మనసులో వరస పెట్టుకుంది. ఆయన గది దులపాలి, ఈకల రజాయి చలిగాలికి ఆరెయ్యాలి, చారులోకి ఉండలు చుట్టడానికి కాలేయం తెప్పించాలి. ఇవన్నీ ఏ కోడలైనా చేసేవే. తుంటి ఎముక ఆపరేషన్ అయ్యాక మూడు వారాలు వేడినీటి బుగ్గల ఊళ్ళో ఉండి, ఎనభై అయిదో ఏట చేతికర్రల మీద తిరిగి వస్తున్న మనిషికి ఇంకేదైనా చెయ్యాలనిపించింది. కాఫీ కప్పుతో కిటికీ దగ్గర నిలబడితే, ఆ ఇంకేదో కొట్టం గుమ్మం మీద కనిపించింది.

అక్కడ దుప్పి కొమ్ములున్నాయి. పన్నెండు కొనల పెద్ద జత. బవేరియా కొండల్లోని ఆ ఊళ్ళో కొమ్ములు లేని ఇల్లు లేదు. కానీ అందరూ వాటిని ఇంట్లో గోడకి పెట్టుకుంటారు. దుప్పిని కొట్టిన తేదీ, చోటు దాని నుదుటి ఎముక మీద సిరాతో రాసుకుంటారు. ఈ జత మాత్రం దాదాపు అరవై ఏళ్ళుగా వానకీ ఎండకీ మంచుకీ బయటే ఉంది. తెల్లగా పాలిపోయి, పగుళ్ళు పట్టి, మొదళ్ళ దగ్గర పచ్చటి నాచు కట్టింది. ఎడమ కొమ్ముకి తుప్పు పట్టిన పెద్ద ఆవుగంట వేలాడుతూ ఉంటుంది. వాటి జోలికి వెళ్ళొద్దని మామగారు, బుర్గి కాపురానికి వచ్చిన కొత్తలో ఒకసారి చెప్పారు. క్విరిన్ పెద్దాయన ఏదీ రెండోసారి చెప్పరు. అందుకే ఇంట్లో అందరికీ ఆయనంటే భయం.

జోలికి వెళ్ళొద్దన్నది పాడుచేస్తామని గానీ, బాగుచేస్తే ఎందుకంటారు అని బుర్గి తనకు తాను సర్దిచెప్పుకుని నిచ్చెన వేసింది.

మొదట గంట ఊడింది. దాన్ని కట్టిన తీగ చేతిలోనే పొడి అయిపోయింది, గంట కింద పడి రెండు చెక్కలైంది. ఆ రోజు పాత ఇనుము బండి వచ్చే రోజు కావడంతో ఆ చెక్కలు దానిలోకి వెళ్ళిపోయాయి. కొత్త గంట కొనొచ్చనుకుంది. గంట పోయాక ఒక సంగతి బయటపడింది. ఎడమ కొమ్ము అడుగు కొన మిగతా దుప్పుల్లో లాగా పైకి లేవకుండా, కొక్కెంలా కిందికి వంగి ఉంది. ఇన్నాళ్ళూ గంట దాన్ని పూర్తిగా కప్పేసింది. ఇంత ముచ్చటైన దాన్ని దాచిపెట్టారే అనుకుని బుర్గి నొచ్చుకుంది.

నాచు వదలడానికి కొమ్ముల్ని పుర్రె ఎముకతో సహా జామ్ వండే పెద్ద రాగి బానలో పెట్టి, బట్టల సోడా వేసి, పెరటి గదిలో ఉడకబెట్టింది. ఎముక తెల్లబడటానికి పెరాక్సైడ్ పూసింది. ఆవిరి పోవడానికి కిటికీ తెరిచింది. ఆ కిటికీకి ఎదురుగా కంచె, కంచె అవతల పొరుగింటి సెంజి. బానలోంచి బయటికి పొడుచుకు వచ్చిన పన్నెండు కొనల వైపు సెంజి చాలాసేపు చూసింది.

"వెండెల్ నిన్న సాయంత్రం కొండ మీదికి వెళ్ళినట్టున్నాడే?" అని మాత్రం అడిగింది.

వెళ్ళాడని బుర్గి ఒప్పుకుంది. చలికాలం దుప్పులకి గడ్డి మోసుకెళ్ళడం ఆ ఊరి వేటగాళ్ళ వంతు పని. నిన్న తన మొగుడు వెండెల్ వంతు. సెంజి ఇంకేమీ అనకుండా లోపలికి వెళ్ళిపోయింది. సెంజి ఇంకేమీ అనకపోవడం ఇరవై రెండేళ్ళలో అదే మొదటిసారి.

పగుళ్ళలో తేనెమైనం నింపి, మందుల షాపులో కొన్న పొటాషియం పర్మాంగనేట్ నీళ్ళలో కలిపి కుంచెతో పూసింది. కొమ్ములు ముందు వంకాయ రంగుకి తిరిగాయి. కంగారుగా రెండో పూత వేసింది. కొక్కేనికి, ముచ్చట కొద్దీ, మూడోది కూడా వేసింది. అరగంటకి ఊదా రంగు పోయి చిక్కటి గోధుమ రంగు వచ్చింది, గంటకి అది దాదాపు నల్లబడింది. కొనల్ని గరుకు కాగితంతో రుద్ది, అవిసె నూనె పట్టించింది. దూరం జరిగి చూసింది. పాతకాలపు కొమ్ములు లేవక్కడ. పొద్దున్నే అడవిలోంచి నడిచి వచ్చిన దుప్పి తలలా ఉంది. మామగారి ఇన్నేళ్ళ నేస్తాన్ని తను మాయం చేసేసినట్టనిపించింది. సబ్బుతో కడిగింది, రంగు కదల్లేదు. అప్పుడే చేతులు చూసుకుంది. తొడుగులు వేసుకోవడం మరిచిపోయింది. మోచేతుల దాకా ఎండిన నెత్తుటి రంగు.

గోడకి పెట్టే ధైర్యం లేక బీరువాలో దాచబోయింది. కొమ్ములు తలుపు పడనివ్వలేదు. చివరికి మామగారి మంచం మీద పడుకోబెట్టి పైన రజాయి కప్పింది. రజాయి చిన్న చిన్న కొండల్లా లేచింది.

శుక్రవారం మధ్యాహ్నం ష్టాడ్లర్ వచ్చాడు. వేట సంఘం పెద్ద. అరవై ఏళ్ళుంటాయి. తండ్రీ అదే పదవిలో ఉండేవాడు. ఏళ్ళ తరబడి తాను కాచుకున్న దుప్పిని శిఖరం దాటితే వచ్చే పొరుగు దేశపు టిరోల్ వేటగాళ్ళు కొట్టి ఎత్తుకుపోయారని తండ్రి పోయేదాకా వాళ్ళతో చెయ్యి కలపలేదు. కొడుకూ కలపడు. అలాంటి మనిషి టోపీ తియ్యకుండా వంటింట్లోకి వచ్చాడు.

"ఎక్కడుందమ్మాయ్?" అన్నాడు.

బుర్గి చేతులు ఏప్రన్ కిందికి పోయాయి. "మీకెవరు చెప్పారండీ?"

"ఎవరు చెప్పలేదో అడుగు. ఊరంతా తెలుసు."

ఒక తుప్పు గంట గురించి ఊరంతా మాట్లాడుకుంటోందా అని ఆమెకి ఏడుపొచ్చింది. "నేనే చేశానండీ. వెండెల్‌కి ఏం తెలీదు. తను మిల్లు నుంచి వచ్చేసరికి అంతా అయిపోయింది."

ష్టాడ్లర్ కుర్చీ లాక్కుని నెమ్మదిగా కూచున్నాడు. "నువ్వా. దేంతో?"

"మందుల షాపులో కొన్నదాంతో."

"విషం పెట్టావా?"

"విషమేం కాదండీ, పల్చగానే కలిపాను. మావయ్యకి మాత్రం చెప్పకండి."

"మీ మావయ్యకి నేనెందుకు చెబుతాను. పోలీసులకి చెప్పాలి. ఏదీ, చేతులు చూపించు."

చూపించింది. ఆయన మొహం తిప్పుకున్నాడు. ఆ తర్వాతే, ఒక్కో మాటా పేర్చుకుంటూ వస్తే, బుర్గికి అసలు సంగతి బోధపడింది. ఫిబ్రవరి నెలాఖరు. వేట నిషేధ కాలం. తల ఉడకబెట్టడమంటే ఆ ఊళ్ళో ఒకటే అర్థం: నిన్నో మొన్నో కొట్టింది. అది రుజువైతే వెండెల్ తుపాకీ పోతుంది, లైసెన్సు పోతుంది. అంతకంటే పెద్దది, దొంగవేటగాడన్న పేరు వస్తుంది. ఆ పేరున్నవాడి పక్కన చర్చి బెంచీ మీద కూడా ఎవరూ కూచోరు.

అవి కొట్టం మీది కొమ్ములేనని బుర్గి మొత్తుకుంది. కొట్టం మీదివి తెల్లటివనీ, తను చిన్నప్పట్నుంచీ చూస్తున్నాననీ ష్టాడ్లర్ అన్నాడు. గుమ్మం మీద ఖాళీ చూడమంది. ఖాళీ చేసిన మనిషే చూడమంటే ఏం లాభం అన్నాడు. మామగారి గదిలో, ఇంట్లో లేని మనిషి మంచం మీద లేచిన కొండల్ని చూసి ఒక క్షణం గుమ్మంలోనే ఆగిపోయాడు. రజాయి ఒక మూల ఎత్తి, నల్లటి కొనలూ తెల్లటి నుదురూ చూసి, శవానికి కప్పినట్టు మళ్ళీ కప్పేశాడు.

"నుదుటి మీద తేదీ ఏది?"

బుర్గికి తను పూసిన పెరాక్సైడ్ గుర్తొచ్చింది. "నేనే చెరిపేసి ఉంటాను."

"అదీ నువ్వేనా," అన్నాడు ష్టాడ్లర్, కొంత గౌరవంగానే.

క్విరిన్ పెద్దాయన ముఖం చూసి రేపు పది గంటల దాకా ఆగుతానన్నాడు. ఆయన వచ్చి, ఇవి నావే అంటే సరి. లేకపోతే ఫోన్ చెయ్యక తప్పదు. ఆ రాత్రి వెండెల్ అన్నం ముట్టలేదు. కొండ మీద తాను కాల్చలేదనడానికి, గడ్డి మేసి వెళ్ళిన దుప్పులు తప్ప సాక్షులెవరూ లేరన్నాడు. మా నాన్న చెప్పిన ఒక్క మాట విని ఉంటే ఏం పోయేదని కూడా అన్నాడు. బుర్గి తెల్లవార్లూ నిమ్మచెక్కతో చేతులు రుద్దుకుంది.

శనివారం తొమ్మిదిన్నరకి టాక్సీ ఆగింది. క్విరిన్ పెద్దాయన చేతికర్రల మీద ముందు కొట్టం గుమ్మం వైపు చూశారు, ఆ తర్వాతే ఇంటి వైపు. వంటింటి బల్ల మీద, పరిచిన పాత దినపత్రిక మీద కొమ్ములున్నాయి. వెండెల్ గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ష్టాడ్లర్ ఫోన్ చేతిలో పట్టుకుని గడియారం కింద కూచున్నాడు.

పెద్దాయన వాటి వైపు చూశారు. "గంటేదీ?" అన్నారు.

"పాత ఇనుము బండిలో వేశాను మావయ్యా."

ఆయన మొహంలోంచి రంగు దిగిపోయింది. బుర్గి ఇరవై రెండేళ్ళుగా ఆయనకి భయపడింది గానీ, ఆయన భయపడటం ఎప్పుడూ చూడలేదు. ఇది చూడటం అంతకంటే భయంగా ఉంది.

"పెద్దాయనా, ఒక్క మాట చెప్పండి చాలు," అన్నాడు ష్టాడ్లర్. "ఇది మీదేనా?"

"నాది కాదు."

వెండెల్ అక్కడే నేల మీద చతికిలబడ్డాడు. ష్టాడ్లర్ ఫోన్‌లో నంబరు నొక్కబోయాడు. పెద్దాయన చూపు కోడలి చేతుల మీదికి వెళ్ళి, గోధుమ రంగులో నిమ్మరసానికి ఒరుసుకుపోయిన ఆ వేళ్ళ దగ్గర ఆగింది.

"ఫోన్ కింద పెట్టరా పిల్లాడా," అన్నారు. "నాది కాదన్నాను. మీ నాన్నది."

ష్టాడ్లర్ కొమ్ముల దగ్గరికి వెళ్ళాడు. కిటికీ వెలుగులో తిప్పాడు. ఎడమ కొమ్ము అడుగున, మూడు పూతలతో మెరుస్తున్న కొక్కేన్ని చూసి, టోపీ తీశాడు.

ఆ కొక్కెం ఆయనకి తెలుసు. దుప్పి ఏటా కొమ్ములు రాలుస్తుంది, మళ్ళీ అదే వంకరతో కొత్తవి వేస్తుంది. ఒకే దుప్పి రాల్చిన అయిదు జతలు, అయిదు కొక్కేలతో, ఆయన తండ్రి గది గోడకి ఇప్పటికీ ఉన్నాయి. ఆరో మేకు ఖాళీగా ఉంది.

"మా నాన్న దాని కోసం అయిదు చలికాలాలు కాచాడు," అన్నాడు.

"కాచాడు. అది రాని లోయలో," అన్నారు పెద్దాయన. "నాకప్పుడు ఇరవై ఆరేళ్ళు, దొంగచాటుగా కొట్టాను. ఇంట్లో పెడితే తేదీ అడుగుతారు. పారేస్తే మనసొప్పలేదు. బయట పెడితే ఎవడూ తలెత్తి చూడలేదు. ఆ రంగు వదలడానికి పదేళ్ళు పట్టిందిరా. ఈ పిల్ల ఒక్క పూటలో మళ్ళీ తెచ్చి పెట్టింది."

గడియారం పది కొట్టింది. ష్టాడ్లర్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. పోలీసులు ఏమంటారో గానీ, టిరోల్ వాళ్ళకి క్షమాపణ ఉత్తరం ఏమని రాయాలో తనకి అర్థం కావడం లేదన్నాడు. బుర్గి నాలుగు గిన్నెల్లో ఉండల చారు పోసింది. పెద్దాయన తిని, ఉప్పు తక్కువైందన్నారు. ఆ మాట విన్నాక గానీ ఆమెకి ఊపిరి ఆడలేదు.

కొమ్ములు ష్టాడ్లర్ ఇంటికి, ఆరో మేకు మీదికి వెళ్ళాయి. ఆ నెలలో ఊళ్ళోని నలుగురు పెద్దమనుషులు, ఒకరికి తెలియకుండా ఒకరు, పెరటి వైపు నుంచి వచ్చి బుర్గి తలుపు తట్టారు. కొమ్ములకి రంగు ఎలా వెయ్యాలో వాళ్ళలో ఎవరూ అడగలేదు; ఉన్న రంగు తొందరగా ఎలా పోగొట్టాలో అడిగారు.