కర్రెన్నకి బండి లైసెన్సు వచ్చిన వైనం

ఒక పెద్ద అడవిలో అని మొదలుపెట్టడం ఆనవాయితీ. ఈ కథ మాత్రం ఒక అడవికి సరిపోదు. ఇవతల ఒకటి, అవతల ఒకటి, మధ్యలో సముద్రం. ఇవతలిది మన అడవి. అవతలిదాని పేరు నిదానవనం.

మన అడవి నుంచి కర్రెన్న అనే దున్నపోతు, అతని పెళ్ళాం జున్నమ్మ అనే గేదె బతుకుతెరువు వెతుక్కుంటూ నిదానవనం వెళ్ళారు. అక్కడ దుంగల అడితిలో లాగుడు పని దొరికింది. కడుపునిండా పచ్చగడ్డి, పొర్లడానికి బురదగుంట. దున్నపోతు జన్మకి ఇంకేం కావాలి చెప్పండి?

ఉన్నదల్లా ఒకటే దిగులు. జున్నమ్మ నిండు చూలాలు. తొలిచూలప్పుడు మన అడవిలో మంత్రసాని దాకా నడిచి వెళ్తూ దారిలోనే దూడని పోగొట్టుకుంది పాపం. ఆ మాట ఎత్తితే ఇప్పటికీ మేత ముట్టదు.

"ఈసారి నేను అడుగు తీసి అడుగు వెయ్యనయ్యా. బండి కట్టి ఆస్పత్రికి తీసుకెళ్తావా, సరే సరి. లేదంటే ఈ పాకలోంచి కదలను" అంది జున్నమ్మ.

"ఒసే పిచ్చిదానా, నేనుండగా నువ్వు నడవడమేంటి? కొమ్ములు మొలిచిన దగ్గర్నుంచీ బండి లాగుతున్నా" అన్నాడు కర్రెన్న.

అన్నాడు గానీ, మర్నాడు బండి కట్టుకుని రోడ్డెక్కాడో లేదో రెండు పోలీసు కుక్కలు అడ్డంపడ్డాయి.

"లైసెన్సేదీ?"

కర్రెన్న దర్జాగా మెడలో బిళ్ళ చూపించాడు. కుక్కలు దాన్ని వాసన చూశాయి.

"ఇదెక్కడిది?"

"మా అడవిదండీ. మా మేనమామ తెచ్చిచ్చాడు."

"పరీక్ష ఎవరు పెట్టారు?"

"పరీక్షేంటండీ? మేనమామని చెప్తున్నాను కదా!"

కుక్కలు ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి. ఇక్కడుండే పరదేశి ఎవరైనా సరే ఇక్కడి లైసెన్సు తీసుకోవాలనీ, అది లేకుండా బండి కడితే మొగుడూ పెళ్ళాలిద్దర్నీ కలిపి సముద్రం దాటిస్తామనీ మర్యాదగా చెప్పాయి. అంత మర్యాదగా చెప్తే ఎవరికైనా భయమేస్తుంది. పోనీ టాక్సీ పిలుద్దామా అంటే, ఆ అడవిలో టాక్సీ నడిపేది తాబేలు. ఇప్పుడు కబురు పెడితే దూడ పెళ్ళీడుకొచ్చాక వస్తుంది.

చేసేది లేక కర్రెన్న పరీక్షకి వెళ్ళాడు.

పరీక్షాధికారి గుడ్లగూబ. పరీక్ష జరిగేది పట్టపగలు. పగలు గుడ్లగూబకి కళ్ళు కనబడవు కదా అంటారా? కనబడవు. ఆ సంగతి అడవంతటికీ తెలుసు. కానీ సీనియారిటీ ప్రకారం ఆ కుర్చీ ఆయనది, ఆఫీసు వేళలేమో పగటివి. ఈ రెండింటిలో ఏదీ మార్చడానికి వీల్లేదట. ఎందుకు వీల్లేదని అడిగినవాళ్ళకి లైసెన్సు రాలేదు, అందుకని మిగతావాళ్ళు అడగలేదు.

గుడ్లగూబ బండిలో మెత్తటి దిండు మీద కూర్చుని "పోనియ్" అన్నాడు.

కర్రెన్న పోనిచ్చాడు. అబ్బ, ఏం తోలకం అనుకున్నారు! పొద పొదకీ ఆగాడు, కుడీ ఎడమా చూశాడు. ముళ్ళపంది పిల్లలు రోడ్డు దాటుతుంటే చివరి పిల్ల దాటేదాకా ఊపిరి కూడా గట్టిగా వదల్లేదు. గోతులన్నీ తప్పించాడు. దిండు మీద గుడ్లగూబ ఈక కదిలితే ఒట్టు.

దిగగానే గుడ్లగూబ "ఫెయిల్" అన్నాడు.

"ఏం తప్పు చేశానండీ?"

"కారణం చెప్పే పద్ధతి మా ఆఫీసులో లేదు. మళ్ళీ రా."

మళ్ళీ వెళ్ళాడు. మళ్ళీ ఫెయిల్. ఆ తర్వాత వెళ్ళినప్పుడూ అంతే. ఈలోగా జున్నమ్మ పొట్ట రోజురోజుకీ కిందికి జారుతోంది.

"నీకు బండి తోలడం రాదన్న సంగతి సముద్రం దాటి వచ్చాక తెలిసిందన్నమాట నాకు" అంది ఒకరోజు.

 కర్రెన్న వెళ్ళి బురదగుంటలో ముక్కు దాకా మునిగి కూర్చుని ఏడ్చాడు.

గట్టు మీదనుంచి ఎవరో నవ్వారు. చూస్తే ఊసరవెల్లి. అది కూడా మన అడవిదే. ఎప్పుడో వచ్చి, ఈ అడవి రంగు పూర్తిగా పట్టించుకుని, పరదేశులకి సలహాలిస్తూ బతికేస్తోంది.

"అన్నగారూ, మన ఊరివాళ్ళని ఫీజు అడగను. మీ వీపు మీది ఈగలు చాలు" అంటూ వీపెక్కి కూర్చుంది. "ఇప్పుడు చెప్పండి. పొద దగ్గర ఏం చేస్తున్నారు?"

"ఆగుతున్నాను. అటూ ఇటూ చూస్తున్నాను."

"నోటితో ఏమంటున్నారు?"

"చూడ్డానికి నోరెందుకయ్యా?"

"అదీ సంగతి! ఆయనకి కళ్ళు కనబడవు. మీరు చూసిందీ లేందీ ఆయనకెలా తెలియాలి? పొద పొదకీ గొంతెత్తి 'చూశాను' అనాలి. ఇక్కడ పుట్టినవాళ్ళకి ఇది ఉగ్గుపాలతో వస్తుంది. అందుకే ఎవరూ ఎవరికీ చెప్పరు."

"ఓస్, ఇంతేనా! అయితే చూసి, చూశాను అంటాను."

ఊసరవెల్లి ఒక ఈగని నాలుకతో అందుకుని నిట్టూర్చింది. "ఇదే మీతో చిక్కు. రెండు పనులెందుకండీ? చూడబోతే అనడం మర్చిపోతారు. చూడకండి. అనండి."

కర్రెన్న సాధన మొదలుపెట్టాడు. పాక చుట్టూ కళ్ళు మూసుకుని తిరుగుతూ "చూశాను! చూశాను!" అని అరిచేవాడు. గుంజకి గుద్దుకున్నా "చూశాను" అనే పడేవాడు. జున్నమ్మ మొదట్లో పడీ పడీ నవ్వింది. తర్వాత నవ్వడం మానేసింది.

ఈసారి పరీక్షలో అడవి దద్దరిల్లింది. ముళ్ళపంది తల్లి పిల్లల్ని ఈడ్చుకుని చెట్టు చాటుకి పారిపోయింది. గోతుల్లో ఒక్కటి కూడా వదలకుండా అన్నిట్లోనూ దిగి లేచాడు కర్రెన్న. చివరికి "చూశాను!" అని ఒక్క కేక పెట్టి, బండితో సహా బురదగుంటలో దూకాడు.

గుడ్లగూబ నీళ్ళలోంచి తల పైకెత్తి, "ఏమిటీ తడి?" అన్నాడు.

"బురదగుంటండీ."

"దిగేముందు చూశాను అన్నావా?"

"అన్నానండీ."

"నాకూ వినబడింది. పాస్!"

కొత్త బిళ్ళ మెడలో పడింది. కర్రెన్న దాన్ని ఊపుకుంటూ ఇంటికొచ్చాడు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం జున్నమ్మకి నొప్పులొచ్చాయి. కర్రెన్న బండిలో గడ్డి మెత్తగా పరిచి, ఆమెని ఎక్కించి, రోడ్డెక్కాడు. పోలీసు కుక్కలు బిళ్ళ చూసి పక్కకి తప్పుకుని సలాం కొట్టాయి. కర్రెన్న ఛాతీ పొంగింది. పొద వచ్చింది. అలవాటుగా కళ్ళు మూసుకున్నాడు.

"చూశాను!"

"నెమ్మదయ్యా, గొయ్యి!" అని మూలిగింది జున్నమ్మ.

"చూశాను!"

ఆస్పత్రి గుమ్మంలో కొంగ డాక్టరమ్మ రెండు రెక్కలూ ఊపుతూ నిలబడి ఉంది. "ఇదిగో, ఇక్కడ! ఆపు, ఆపు!"

"చూశాను!" అంటూ కర్రెన్న ఆస్పత్రి దాటిపోయాడు.

"ఓరి నీ మొహం మండా, ఆస్పత్రి వెనకాల ఉండిపోయింది!" అని అరిచింది జున్నమ్మ.

"మధ్యలో మాట్లాడకే, ఫెయిలైపోతాను! చూశాను!"

ఇంకేముంది, తెలిసిన గుంటే. బండి ఇరుసు దాకా బురదలో దిగబడింది. జున్నమ్మ ఎలా దిగిందో, గట్టు మీదికి ఎలా పాకిందో, ఆ తల్లికే తెలియాలి. డాక్టరమ్మ ఎగిరొచ్చేసరికి గడ్డిలో దూడ పడి ఉంది. కదల్లేదు. కర్రెన్న కళ్ళు విప్పి, ఎన్నాళ్ళకో మొదటిసారి, నిజంగా చూశాడు. డాక్టరమ్మ ముక్కుతో దూడ ముక్కు శుభ్రం చేసి, రెక్కతో నాలుగు తట్టింది. దూడ తుమ్మింది.

జున్నమ్మ బావురుమంది. కర్రెన్న కూడా.

కుక్కలు పరిగెత్తుకొచ్చి విచారణ చేశాయి. బండి తోలినవాడికి లైసెన్సు ఉంది, పొద పొదకీ కేక వినబడింది, కాబట్టి ప్రమాదమేమీ జరగలేదని తేల్చాయి. విషయం విని గుడ్లగూబ మెచ్చుకున్నాడట. పరదేశుల్లో ఇంత చక్కటి గొంతు ఇంతకుముందు వినలేదన్నాడట.

దూడ తడి కళ్ళు విప్పి, చప్పుడు చెయ్యకుండా అటొకసారి, ఇటొకసారి చూసింది.

"అలా నోరుమూసుకుని చూడకురా నాన్నా, ఈ దేశంలో ఫెయిల్ చేస్తారు" అంది జున్నమ్మ, దాన్ని నాకుతూ.

పొద్దు వాలేలోగా కర్రెన్న బండి పైకి లాగి, కడిగి, కొత్త గడ్డి పరిచాడు. "ఎక్కవే, ఇంటికి పోదాం" అన్నాడు తల వంచుకుని.

జున్నమ్మ మెల్లగా లేచింది. దూడని పక్కకి పొదువుకుంది. రోడ్డుకి అటూ ఇటూ చూసి, నడక మొదలుపెట్టింది.

"నువ్వు నడవనన్నావు కదే!"

"అప్పుడు నీకు లైసెన్సు లేదు కదయ్యా" అంది వెనక్కి తిరక్కుండా.

నీతి: కళ్ళున్నవాడు ఇల్లు చేరతాడు, గొంతున్నవాడు పరీక్ష పాసవుతాడు; బండెక్కేముందు మీకు కావలసింది ఎవరో తేల్చుకోండి.